ఇంధన ఘటం - ఓల్టేజి నియంత్రణ: కన్వర్టర్ నమూనాల చారిత్రక పరిణామం, తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

హైడ్రోజన్, ఆక్సిజన్‌ల కలయికనుండి నేరుగా విద్యుత్తును రాబట్టే ఇంధన ఘటం చరిత్రను సాధారణంగా ఎలక్ట్రోడ్ల చరిత్రగా, విద్యుద్విశ్లేష్యాల చరిత్రగా చెబుతారు. అయితే ఈ ఘటం పుట్టిననాటినుండి దాన్ని వెన్నాడుతూ వచ్చిన సమస్య ఓల్టేజిది. ఒక్కో ఘటం ఇచ్చే ఓల్టేజి స్వల్పం. పని చెప్పేకొద్దీ అదీ తగ్గిపోతుంది. ఈ సమస్యను 1839నుండి నేటివరకు వివిధ కాలాల్లో ఎలా ఎదుర్కొన్నారో, ఆ క్రమంలో రూపొందిన కన్వర్టర్ నమూనాల మధ్య సామ్యభేదాలేమిటో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కన్వర్టర్ అన్నది ఘటానికి చివర తగిలించిన ఉపకరణం కాదనీ, ఘటాల సంఖ్యనూ, ఆయుష్షునూ, రూపాన్నీ నిర్ణయించే శక్తి దానికున్నదనీ ఈ పరిశీలన వల్ల తేలుతుంది.

కీలకపదాలు: ఇంధన ఘటం, ఓల్టేజి నియంత్రణ, కన్వర్టర్, బూస్ట్, ప్రవాహపు అలలు, గ్రోవ్, అపోలో, మిరాయ్, శ్రీహరికోట.

1. ఉపోద్ఘాతం:

ఇంధన ఘటం గురించి చెప్పవలసి వచ్చినప్పుడు మనం సాధారణంగా ఒక వాక్యంతో సరిపెడతాం: హైడ్రోజన్, ఆక్సిజన్ కలిస్తే విద్యుత్తు వస్తుంది, నీరు మిగులుతుంది. ఈ వాక్యంలో అసత్యం లేదు. కానీ అలా వచ్చిన విద్యుత్తు ఒక మోటారునో, ఒక దీపాన్నో, ఒక వ్యోమనౌకనో నడపడానికి యథాతథంగా పనికిరాదన్న సంగతి ఆ వాక్యంలో కనిపించదు. ఘటానికీ పరికరానికీ మధ్య ఒక మధ్యవర్తి కావాలి. ఆ మధ్యవర్తి చరిత్రే ఈ వ్యాసానికి విషయం.

పరిభాష గురించి ఒక మాట. 'ఇంధన ఘటం' అన్న పదబంధాన్నే ఇక్కడ వాడుతున్నాను. 'కన్వర్టర్'ను మాత్రం తెలుగు చేయలేదు. దానికి తోచే 'పరివర్తకం' అన్న మాట మన భౌతికశాస్త్ర గ్రంథాల్లో ట్రాన్స్‌ఫార్మర్‌కు స్థిరపడి ఉంది. ఈ రెండూ వేరు వేరు సాధనాలు. పైగా కొన్ని కన్వర్టర్లలో ట్రాన్స్‌ఫార్మర్ ఒక భాగంగా ఉంటుంది. ఒకే మాటతో రెంటినీ పిలిస్తే అర్థం చెడుతుంది.

సమస్య స్వరూపాన్ని ముందుగా గుర్తించాలి. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద హైడ్రోజన్-ఆక్సిజన్ ఘటం ఇవ్వగల సైద్ధాంతిక ఓల్టేజి 1.23. ఆచరణలో ఏ పరికరాన్నీ తగిలించనప్పుడే అది సుమారు 1 ఓల్టుకు దిగుతుంది. ప్రవాహాన్ని తీసుకోవడం మొదలుపెడితే ఎలక్ట్రోడ్ల మీద చర్యను నడిపించడానికి కొంత, ఘటంలోని నిరోధాన్ని దాటడానికి కొంత, వాయువులు చర్యాస్థలానికి సమయానికి చేరలేకపోవడం వల్ల కొంత ఖర్చవుతుంది. పూర్తి లోడు మీద ఘటానికి మిగిలేది 0.6నుండి 0.7 ఓల్టు. అంటే ఇంధన ఘటానికి రెండు బలహీనతలున్నాయి: ఇచ్చేది తక్కువ, ఇచ్చేదాంట్లో నిలకడ లేదు. ఈ రెంటినీ ఏ కాలంలో ఎవరు ఎలా సరిదిద్దారన్నదే ఇకపై చూడవలసినది.

2. గ్రోవ్ వాయు బ్యాటరీ - సమస్య పుట్టుక:

ఇంధన ఘటానికి మూలమైన పరిశీలనలు 1839లో వెలుగుచూశాయి. ప్లాటినం మీద హైడ్రోజన్, ఆక్సిజన్‌ల చర్యవల్ల ప్రవాహం పుడుతుందన్న అంశాన్ని క్రిస్టియన్ ఫ్రెడరిక్ షోన్‌బైన్, విలియం రాబర్ట్ గ్రోవ్ ఇద్దరూ దాదాపు ఒకే సమయంలో 'ఫిలసాఫికల్ మ్యాగజీన్' పాఠకుల ముందుంచారు. గ్రోవ్ వేల్స్‌లోని స్వాన్సీలో 1811లో జన్మించాడు. వృత్తిరీత్యా న్యాయవాది, తర్వాతి కాలంలో న్యాయమూర్తి. 1842లో ఆయన 50 ఘటాలను వరుసగా కలిపి 'వాయు బ్యాటరీ'ని నిర్మించాడు.

ఈ బ్యాటరీతో ఆయన చేసిన ప్రయోగాల్లో ఒకటి మన విషయానికి ముఖ్యం. నీటిని విడగొట్టడానికి కనీసం ఎన్ని ఘటాలు కావాలో ఆయన పరీక్షించాడు. 26 కావలసి వచ్చాయి. సైద్ధాంతికంగా చూస్తే ఒక ఘటం ఇచ్చే ఓల్టేజీ, నీటిని విడగొట్టడానికి కావలసిన కనీస ఓల్టేజీ ఒకటే. రెండు మూడు ఘటాలు చాలవలసిన చోట 26 అవసరమయ్యాయంటే, తక్కినవన్నీ లోపలి నష్టాలకే ఆహుతయ్యాయని అర్థం. వాయువు, ద్రవం, ప్లాటినం మూడూ కలిసే చోటు చాలినంతగా లేకపోవడమే లోపమని గ్రోవ్ గ్రహించాడు. ఇంధన ఘటం తొలి శాస్త్రీయ వివరణలోనే ఓల్టేజి సమస్య ఒక సంఖ్యగా నమోదైంది. ఆ తర్వాతి శతాబ్దంన్నర చరిత్రను ఈ 26ను తగ్గించే ప్రయత్నంగా చదవవచ్చు.

3. పేర్చడమే పరిష్కారమైన కాలం:

1889లో లుడ్విగ్ మాండ్, చార్లెస్ లాంగర్ విద్యుద్విశ్లేష్యాన్ని ద్రవంగా కాక రంధ్రాలున్న పదార్థంలో పీల్పించి వాడారు. తమ ఘటంనుండి చెప్పుకోదగిన ప్రవాహాన్ని తీస్తూ 0.73 ఓల్టు సాధించారు. నేటి ఘటం పూర్తి లోడు మీద ఇచ్చేది కూడా ఈ పరిధిలోనిదే. ఎలక్ట్రోడ్ పరిమాణానికి వచ్చే ప్రవాహం ఎన్నో రెట్లు పెరిగింది కానీ, ఘటం ఓల్టేజి మాత్రం దాదాపు అక్కడే ఉంది. అది పదార్థాల ప్రకృతి విధించిన హద్దు. రసాయనశాస్త్రం ఎంత ముందుకు సాగినా ఒక ఘటాన్ని 10 ఓల్టుల ఘటంగా మార్చలేదు.

1894లో విల్‌హెల్మ్ ఓస్ట్‌వాల్డ్ ఆవిరియంత్రం చేసే వ్యర్థాన్ని ఎత్తిచూపి, ఇంధనంనుండి నేరుగా విద్యుత్తును తీయడమే రాబోయే కాలపు మార్గమని వాదించాడు. ఆ ఆశ ఆచరణలోకి రావడానికి ఆరు దశాబ్దాలకు పైగా పట్టింది. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ థామస్ బేకన్ నికెల్ ఎలక్ట్రోడ్లతో, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంతో, అధిక పీడనంలో పనిచేసే ఘటాన్ని ఏళ్ల తరబడి తీర్చిదిద్దాడు. 1959లో 40 ఘటాల దొంతరతో సుమారు 5 కిలోవాట్ల సామర్థ్యాన్ని ప్రదర్శించాడు. దానితో వెల్డింగు యంత్రాన్నీ, గుండ్రటి రంపాన్నీ నడిపించి చూపాడు.

అదే ఏడాది అమెరికాలో అల్లిస్-చామర్స్ సంస్థకు చెందిన హ్యారీ కార్ల్ ఇరిగ్ బృందం ఇంధన ఘటాలతో ఒక ట్రాక్టరును నడిపింది. అందులో 1008 ఘటాలున్నాయి. వాటి సామర్థ్యం 15 కిలోవాట్లు. నడిపింది 20 అశ్వసామర్థ్యపు ఏకముఖ విద్యుత్ మోటారును. డ్రైవరు చేతికింద రెండు మీటలు: ఒకటి మోటారుకు వెళ్లే ప్రవాహాన్ని పెంచి తగ్గించేది, మరొకటి ధ్రువాలను తారుమారు చేసి ట్రాక్టరును వెనక్కి నడిపించేది. ఓల్టేజి చాలకపోతే ఘటాలు కలపడం, ప్రవాహం ఎక్కువైతే మీటతో తగ్గించడం - ఆనాటి నియంత్రణ పద్ధతి ఇది.

ఈ పద్ధతిలోని చిక్కు శ్రేణి సంధానంలోనే ఉంది. వరుసగా కలిపిన ఘటాలన్నిటిలోనూ ఒకే ప్రవాహం సాగాలి. ఒక్క ఘటానికి వాయువు అందకపోయినా మిగిలినవి దానిగుండా ప్రవాహాన్ని బలవంతంగా నెడతాయి. దాని ఓల్టేజి తిరగబడి ఆ ఘటం చెడిపోతుంది. ఉదాహరణకు ఒక్కో ఘటం సక్రమంగా ఉండే అవకాశం 99.9 శాతం అనుకుందాం. 370 ఘటాల దొంతర మొత్తం సక్రమంగా ఉండే అవకాశం సుమారు 69 శాతం. 1000 ఘటాలకు అది దాదాపు 37 శాతానికి పడిపోతుంది. ఇది ఊహించుకున్న లెక్కే అయినా, దొంతర ఎత్తు పెరిగేకొద్దీ నమ్మకం ఎలా తరుగుతుందో తెలుపుతుంది. ఘటాలను పేర్చడం ఓల్టేజిని పెంచింది; దానికి మూల్యం నమ్మకంలో చెల్లించవలసి వచ్చింది.

4. అంతరిక్ష యుగం - ఘటానికి తగ్గట్టు పరికరాలు:

అంతరిక్ష యాత్రల్లో సమస్యకు మరో సమాధానం వెతికారు. ఘటాన్ని పరికరాలకు తగ్గట్టు మార్చడం కష్టమైనప్పుడు, పరికరాలనే ఘటానికి తగ్గట్టు రూపొందించారు. 1965 ఆగస్టులో జెమిని 5 ఇంధన ఘటాలతో ప్రయాణించింది. అందులో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ తయారుచేసిన, పాలిమర్ పొరతో పనిచేసే ఘటాలను 32 చొప్పున దొంతరలుగా పేర్చారు. అపోలోకు బేకన్ పద్ధతిని గ్రహించిన ప్రాట్ అండ్ విట్నీ సంస్థ ఘటాలను సమకూర్చింది. నౌకలో మూడు విద్యుత్ మాడ్యూళ్లు, ఒక్కోదానిలో వరుసగా కలిపిన 31 ఘటాలు. మాడ్యూలు ఓల్టేజి లోడును బట్టి 27నుండి 31 వరకు మారేది. నౌకలోని ఏకముఖ విద్యుత్ పరికరాలు ఈ ఒడుదొడుకులను తట్టుకునేలా రూపొందాయి. ఏకాంతర విద్యుత్తు అవసరమైన వాటికోసం మూడు ఇన్వర్టర్లు 115/200 ఓల్టుల, 400 హెర్ట్జ్ విద్యుత్తును తయారుచేసేవి. ఇంధన ఘటానికీ లోడుకూ మధ్య అర్ధవాహక సాధనాలతో పనిచేసే కన్వర్టర్ నిలిచిన ప్రముఖ సందర్భాల్లో ఇదొకటి.

స్పేస్ షటిల్‌లోనూ ఇదే తత్త్వం కొనసాగింది. దాని ఒక్కో ఇంధన ఘట యంత్రంలో 32 ఘటాల దొంతరలు మూడు సమాంతరంగా, మొత్తం 96 ఉండేవి. 2 కిలోవాట్ల వద్ద 32.5 ఓల్టులు, 12 కిలోవాట్ల వద్ద 27.5 ఓల్టులు. లెక్కవేస్తే ప్రవాహం సుమారు 62 ఆంపియర్లనుండి 436 ఆంపియర్లకు పెరిగినప్పుడు ఓల్టేజి 5 ఓల్టులు మాత్రమే తగ్గింది. ఘటాల నాణ్యతకు ఇది ప్రశంసనీయమైన నిదర్శనం. అయితే 436 ఆంపియర్లను మోయడానికి లావైన రాగి తీగలు కావాలి. తక్కువ ఓల్టేజితో సరిపెట్టుకుంటే ఆ భారం తీగల మీద పడుతుంది.

ఓల్టేజి పొంతన కుదరకపోతే ఏమవుతుందో 1970 ఏప్రిల్ 13న ప్రపంచం చూసింది. అపోలో 13లో ఇంధన ఘటాలకు ఆక్సిజన్ అందించే రెండో ట్యాంకు పేలిపోయింది. లోపం ఘటాలదీ కాదు, ఇన్వర్టర్లదీ కాదు. ట్యాంకులోని వేడిమి నియంత్రక స్విచ్చులు నౌకలోని 28 ఓల్టుల విద్యుత్తుకు తగినట్లు తయారయ్యాయి. ప్రయోగకేంద్రంలో నేలమీది సరఫరా 65 ఓల్టులు. హీటర్ వ్యవస్థను 65 ఓల్టులకు అనుకూలపరచాలని నిర్దేశం మారినా ఆ స్విచ్చులు మారలేదు. యాత్రకు ముందు ట్యాంకును ఖాళీ చేయడానికి గంటల తరబడి హీటర్లను నడిపినప్పుడు స్విచ్చు కొసలు అతుక్కుపోయాయి, లోపలి తీగల టెఫ్లాన్ తొడుగు కాలి దెబ్బతింది. తర్వాత అంతరిక్షంలో ట్యాంకులోని ఫ్యానును తిప్పినప్పుడు ప్రమాదం జరిగింది. వ్యోమగాములకు కనిపించిన తొలి సూచనల్లో ఒకటి, ప్రధాన విద్యుత్ వాహకంలో ఓల్టేజి తగ్గిందన్న హెచ్చరిక దీపం. మూడు ప్రాణాలు ఆనాడు 28కీ 65కీ మధ్య ఉన్న తేడా మీద ఆధారపడ్డాయి. ఒక వ్యవస్థలోని రెండు భాగాల మధ్య ఓల్టేజి ఒప్పందం ఎవరి బాధ్యతో తేల్చకుండా వదిలేయడం ఎంత ప్రమాదకరమో చెప్పడానికి ఇంతకంటే బలమైన ఉదాహరణ దొరకదు.

5. అర్ధవాహక స్విచ్ - కొత్త మధ్యవర్తి:

1957లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ థైరిస్టర్‌ను వెలుగులోకి తెచ్చింది. పెద్ద ప్రవాహాలను కదిలే భాగాలేవీ లేకుండా నియంత్రించే మార్గం దీనితో సుగమమైంది. 1970ల్లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆర్.డి. మిడిల్‌బ్రుక్, స్లోబోడాన్ చుక్ స్విచింగ్ కన్వర్టర్ల ప్రవర్తనను గణితంగా విశ్లేషించే సాధారణ పద్ధతిని 1976లో ప్రతిపాదించారు. అంతవరకు అనుభవంతో, ప్రయత్నలోపాలతో సాగిన నిర్మాణకళ దీనితో శాస్త్రంగా మారింది. 1980ల తొలినాళ్లలో ఐజీబీటీ అనే స్విచ్ రంగంలోకి వచ్చింది. దాని రూపకల్పనలో ప్రధానపాత్ర వహించిన బి. జయంత్ బాలిగ మద్రాసులో జన్మించి, అక్కడి ఐఐటీలో చదివినవాడు.

ఈ సాధనాలతో తక్కువ ఓల్టేజిని ఎక్కువగా మార్చే బూస్ట్ కన్వర్టర్ ఇంధన ఘటానికి సహజమైన జోడీ అయింది. దీనిలో ప్రధానమైనవి ఒక ప్రేరకం, ఒక స్విచ్, ఒక డయోడ్, ఒక కెపాసిటర్. స్విచ్ మూసినప్పుడు ఘటంనుండి వచ్చే శక్తి ప్రేరకంలో నిండుతుంది. తెరిచినప్పుడు ఆ శక్తి ఘటం ఓల్టేజికి తోడై, డయోడ్ గుండా పైమెట్టులో ఉన్న కెపాసిటర్‌కు చేరుతుంది. పల్లంలోని బావినుండి మెరక చేనుకు నీరు తోడే ఏతం పని ఇదే. బాన నీటిలో మునిగి నిండే సమయం ఒకటి, పైకి లేచి కాలువలో ఒలికే సమయం మరొకటి. సెకనుకు వేలసార్లు ఈ తోడకం సాగుతుంది. స్విచ్ మూసి ఉండే కాలం మొత్తం కాలంలో సగమైతే అవుట్‌పుట్ ఓల్టేజి ఇన్‌పుట్‌కు రెట్టింపు. మూడువంతుల పాళ్లు అంటే నాలుగింట మూడు వంతులైతే నాలుగు రెట్లు.

ఏతం పోలికతోనే బూస్ట్ కన్వర్టర్ నియంత్రణలోని ఒక సుప్రసిద్ధమైన చిక్కునూ వివరించవచ్చు. చేనుకు హఠాత్తుగా ఎక్కువ నీరు కావలసి వచ్చిందనుకుందాం. బాన మరింత నిండాలని దాన్ని ఎక్కువసేపు ముంచి ఉంచితే, ఆ కాసేపు కాలువలో నీరు ముందుకంటే తగ్గుతుంది. బూస్ట్ కన్వర్టర్ కూడా ఓల్టేజిని పెంచమని ఆదేశిస్తే మొదట ఒక క్షణం తగ్గి, తర్వాతే పెరుగుతుంది. ఈ తొలి తగ్గుదలను చూసి కంగారుపడి ఇంకా ఇంకా పెంచమనే నియంత్రకం వ్యవస్థను ఊగిసలాటలోకి నెడుతుంది. అందుకే ఈ నమూనాలో నియంత్రణ నిదానంగా సాగాలి.

6. నమూనాల తులన:

కన్వర్టర్ నమూనాలను పోల్చేటప్పుడు ఎంత ఓల్టేజి పెంచుతుంది, ఎంత దక్షతతో పెంచుతుంది అన్న ప్రశ్నలే సాధారణంగా ముందుకొస్తాయి. ఇంధన ఘటం విషయంలో మరో ప్రశ్న అంతకంటే ముఖ్యం: ఘటంనుండి ప్రవాహాన్ని ఎలా తీసుకుంటుంది? ధారగానా, తునకలు తునకలుగానా?

ఓల్టేజిని తగ్గించే బక్ నమూనాలో స్విచ్ నేరుగా ఘటం పక్కనే ఉంటుంది. కాబట్టి ఘటంనుండి ప్రవాహం ఉండీ లేనట్లుగా, తునకలుగా వస్తుంది. దాన్ని నున్నగా చేయడానికి ఇన్‌పుట్ వైపు ప్రత్యేకంగా వడపోత కావాలి. ఘటాల దొంతర ఓల్టేజి లోడు అవసరానికంటే ఎల్లప్పుడూ ఎక్కువగా ఉండాలి కనుక ఘటాల సంఖ్యా పెరుగుతుంది. బూస్ట్ నమూనాలో ప్రేరకమే ఘటం పక్కన ఉంటుంది. ప్రేరకం ప్రవాహంలో హఠాత్తు మార్పును సహించదు. అందువల్ల ఘటంనుండి ధార తెగకుండా సాగుతుంది. డయోడ్ కారణంగా ప్రవాహం వెనక్కి ఘటంలోకి రాదు. ఈ రెండు గుణాల వల్లనే బూస్ట్ నమూనాకు ఇంధన ఘటాల విషయంలో ప్రాధాన్యం లభించింది. అయితే నాలుగైదు రెట్లకు మించి పెంచబోతే ప్రేరకం, స్విచ్‌లలోని నిరోధం శక్తిని తినేస్తుంది; సూత్రం చెప్పినంత ఓల్టేజి ఆచరణలో రాదు.

లోడు ఓల్టేజి, ఘటం ఓల్టేజి పరిధులు ఒకదానిలో ఒకటి కలిసినప్పుడు పెంచనూ తగ్గించనూ గల నమూనా కావాలి. సాధారణ బక్-బూస్ట్ ఆ పని చేస్తుంది గానీ ఇన్‌పుట్ ప్రవాహం తునకలుగానే ఉంటుంది, అవుట్‌పుట్ ధ్రువాలు తిరగబడతాయి. చుక్ నమూనాలో రెండు వైపులా ప్రేరకాలు ఉన్నందున రెండు వైపులా ప్రవాహం ధారగా ఉంటుంది. శక్తిని ఒక వైపునుండి మరో వైపుకు చేరవేసేది మధ్యనున్న కెపాసిటర్. ధ్రువాలు మాత్రం ఇక్కడా తిరగబడతాయి. 1977లో వెలువడిన సెపిక్ నమూనాలో ధ్రువాలు తిరగబడవు, ఇన్‌పుట్ ధారగా ఉంటుంది, అవుట్‌పుట్ మాత్రం తునకలుగా ఉంటుంది. ఈ రెంటిలోనూ శక్తి అంతా మధ్య కెపాసిటర్ మీదుగా సాగవలసి ఉండటం వల్ల అధిక సామర్థ్యాల వద్ద ఇవి అంతగా రాణించవు. చిన్న పరికరాలకు సరిపోతాయి.

40 ఓల్టుల దొంతరనుండి 400 ఓల్టులు కావలసి వచ్చినప్పుడు పై నమూనాలేవీ చాలవు. అక్కడ అధిక పౌనఃపున్యపు ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న నమూనాలు అవసరమవుతాయి. వీటిలో ఘటానికీ లోడుకూ నేరుగా తీగ సంబంధం ఉండదు. భద్రతకు అది మేలు. ఇందులోనూ రెండు శాఖలున్నాయి. ఇన్‌పుట్ వైపు కెపాసిటర్ ఉన్నది ఒకటి, ప్రేరకం ఉన్నది మరొకటి. రెండోది ఘటంనుండి ధారగా తీసుకుంటుంది. కానీ స్విచ్ తెరిచిన ప్రతిసారీ దాని మీద ఓల్టేజి ఎగసిపడుతుంది. దాన్ని అణచడానికి అదనపు సాధనాలు కావాలి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రిక్ డి డాంకర్, దీపక్ దివాన్, ముస్తాన్సిర్ ఖేరాలువాలా రూపొందించిన డ్యూయల్ యాక్టివ్ బ్రిడ్జ్ శక్తిని రెండు దిశల్లోనూ పంపగలదు. ఘటం శక్తిని వెనక్కి తీసుకోలేదు కనుక ఈ గుణం ఘటానికి అక్కరలేదు. ఘటానికి తోడుగా ఉండే బ్యాటరీకి మాత్రం ఎంతో ఉపయోగం.

2003లో ఫాంగ్ జెంగ్ పెంగ్ వివరించిన జెడ్-సోర్స్ ఇన్వర్టర్ మరో దారి తొక్కింది. ఓల్టేజి పెంచడం, ఏకాంతర విద్యుత్తుగా మార్చడం అనే రెండు పనులను ఒకే అంచెలో చేయడం దాని ప్రత్యేకత. దాని వివరణకు ఎన్నుకున్న ఉదాహరణ ఇంధన ఘటమే కావడం గమనార్హం. అంచె తగ్గినందుకు ప్రతిగా స్విచ్‌ల మీద ఒత్తిడి పెరుగుతుంది. ఏ నమూనా చూసినా ఒక చోట తగ్గించిన భారం మరో చోట తేలుతుంది. కాబట్టి ఉత్తమ నమూనా ఏదని కాక, ఏ సందర్భానికి ఏ భారం మోయదగినదని అడగడమే సరైన తులన.

7. ప్రవాహపు అలలు - ఘటం ఆయుష్షు:

1990ల్లో ఫాస్ఫారిక్ ఆమ్లంతో పనిచేసే 200 కిలోవాట్ల పీసీ25 యంత్రాలు ఆసుపత్రులకూ భవనాలకూ విద్యుత్తు అందించాయి. వాటిలో ఇంధనాన్ని శుద్ధిచేసే భాగం, ఘటాల దొంతర, విద్యుత్తును మార్చే భాగం అని మూడు విభాగాలుండేవి. 2001లో అమెరికా ఇంధన శాఖ, ఐఈఈఈ తోడ్పాటుతో విశ్వవిద్యాలయ విద్యార్థులకు నిర్వహించిన ఫ్యూచర్ ఎనర్జీ ఛాలెంజ్ పోటీలో 10 కిలోవాట్ల ఇంధన ఘట ఇన్వర్టర్‌ను చౌకగా నిర్మించడమే పరీక్షాంశం. ఘటం ధర ఎంత తగ్గినా కన్వర్టర్ ధర తగ్గకపోతే ఇల్లు చేరదన్న గ్రహింపు దీని వెనుక ఉంది.

ఇళ్లకు చేరే ఏకదశ విద్యుత్తుతో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. 50 హెర్ట్జ్ సరఫరాలో శక్తి సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది. మధ్యలో తగినంత నిల్వ లేకపోతే ఆ అల వెనక్కి ప్రయాణించి ఘటాన్ని తాకుతుంది. ఘటం సెకనుకు 100 సార్లు ఎక్కువా తక్కువా ప్రవాహం ఇవ్వవలసి వస్తుంది. వాయు సరఫరా అంత వేగంగా మారలేదు. అల శిఖరాల వద్ద ఘటం తన సామర్థ్యాన్ని మించి పనిచేయవలసి రావచ్చు. సగటున చూస్తే ఇంధన వినియోగమూ దెబ్బతింటుంది. హఠాత్తుగా లోడు పెరిగినప్పుడూ ఇంతే. కన్వర్టర్ మిల్లీసెకన్లలో ఎక్కువ అడగగలదు. గాలిని నెట్టే కంప్రెసర్ స్పందించడానికి అంతకంటే ఎన్నో రెట్ల కాలం పడుతుంది. ఆ మధ్యకాలంలో ఘటం ఆక్సిజన్‌కు మొహం వాచి ఉంటుంది. బ్యాటరీనో, సూపర్ కెపాసిటర్‌నో జోడించి, ఆ ఒడుదొడుకులను దాని మీదికి మళ్లించి, ఘటాన్ని నిదానంగా నడవనివ్వడమే దీనికి కుదిరిన పరిష్కారం. అంటే కన్వర్టర్ లోడును మాత్రమే కాదు, ఘటాన్ని కూడా కాపాడాలి. ఇది గ్రోవ్ కాలంలో ఎవరూ ఊహించని బాధ్యత.

8. మిరాయ్ - కన్వర్టర్ ఘటాన్ని మార్చిన వైనం:

2014 డిసెంబరులో జపాన్‌లో విడుదలైన టొయోటా మిరాయ్ ఈ చరిత్రలో ఒక మలుపు. అంతకుముందు అదే సంస్థ నిర్మించిన ఎఫ్‌సీహెచ్‌వీ-ఏడీవీ వాహనంలో 400 ఘటాలుండగా, మిరాయ్‌లో 370 మాత్రమే ఉన్నాయి. దొంతర గరిష్ఠ సామర్థ్యం 114 కిలోవాట్లు. దొంతరకూ మోటారుకూ మధ్య నాలుగు దశల బూస్ట్ కన్వర్టర్ చేరింది. అది ఓల్టేజిని 650 వరకు పెంచుతుంది. ఓల్టేజి పెరగడంతో మోటారు పరిమాణం తగ్గింది, ఘటాల సంఖ్యా తగ్గింది.

దీన్ని లెక్కలో చూద్దాం. పూర్తి లోడు మీద ఘటానికి 0.65 ఓల్టు అనుకుంటే 370 ఘటాలకు సుమారు 240 ఓల్టులు. 650కి చేరాలంటే పెంచవలసింది 2.7 రెట్లు, బూస్ట్ నమూనా సౌకర్యంగా పనిచేసే పరిధి ఇది. కన్వర్టర్ లేకుండా 650 ఓల్టులు కావాలంటే 1000 ఘటాలు పేర్చాలి. 1959నాటి ట్రాక్టరులోని 1008 సంఖ్య ఇక్కడ గుర్తుకు రాక మానదు. ఈ రెండు వాహనాల మధ్య తేడా రసాయనంలో ఎంత ఉందో, ఒక ప్రేరకం, ఒక స్విచ్ చేసే పనిలోనూ అంత ఉంది.

నాలుగు దశలు ఎందుకు? ఒకే ఏతానికి బదులు నాలుగు ఏతాలను ఒకదాని తర్వాత ఒకటి వంతులవారీగా తోడేలా అమరిస్తే కాలువలో నీరు ఎడతెగకుండా పారుతుంది. అలాగే నాలుగు దశల ప్రవాహపు అలలు ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. ఘటానికి నున్నని ధార, ప్రేరకాలకు తక్కువ భారం. 2020 డిసెంబరులో వచ్చిన రెండో తరం మిరాయ్‌లో ఘటాల సంఖ్య 330కి తగ్గింది, సామర్థ్యం 128 కిలోవాట్లకు పెరిగింది. బూస్ట్ కన్వర్టర్ విడిగా కాక ఘటాల దొంతరతోనే ఒకే కూర్పులో కలిసిపోయింది. మధ్యవర్తి ఇంట్లో మనిషి అయ్యాడు.

9. శ్రీహరికోటనుండి:

మన దేశంలో ఈ చరిత్ర ఇంకా తొలి అధ్యాయాల్లోనే ఉంది. 2024 జనవరి 1న శ్రీహరికోటనుండి ప్రయోగించిన పీఎస్ఎల్వీ-సీ58 నాలుగో అంచెను పోయెమ్-3 పేరుతో ప్రయోగవేదికగా మలిచారు. విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం రూపొందించిన 100 వాట్ల తరగతి పాలిమర్ పొర ఇంధన ఘట వ్యవస్థను దాని మీద పరీక్షించారు. 350 కిలోమీటర్ల ఎత్తులో అది 180 వాట్ల విద్యుత్తును ఉత్పత్తి చేసిందని ఇస్రో ఆ నెల 5న ప్రకటించింది. భావి అంతరిక్ష కేంద్రానికి అవసరమైన వ్యవస్థ నిర్మాణానికి సమాచారం సేకరించడం ఈ పరీక్ష లక్ష్యాల్లో ఒకటి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఏఆర్‌సీఐ సంస్థ కూడా చెన్నైలో ఇంధన ఘట సాంకేతికతకు ప్రత్యేక కేంద్రాన్ని నిర్వహిస్తోంది. 2023 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ హైడ్రోజన్ ఉత్పత్తికి ప్రాధాన్యమిచ్చింది. ఉత్పత్తి అయిన హైడ్రోజన్‌ను విద్యుత్తుగా వాడుకోదలచిన ప్రతి చోటా ఘటంతోపాటు కన్వర్టర్ కూడా కావాలి. ఘటాన్ని ఇక్కడ తయారుచేసుకొని, దాని ఓల్టేజిని నిలబెట్టే సాధనాన్ని బయటనుండి తెచ్చుకుంటే స్వావలంబన సగంలోనే ఆగుతుంది. పై చరిత్రనుండి మనం నేర్వవలసినది ఇదే.

10. ముగింపు:

ఇంతవరకు చేసిన పరిశీలనను బట్టి ఈ కింది అంశాలు తేలుతున్నాయి.

మొదటిది, ఒక ఘటం ఓల్టేజి 1889నుండి దాదాపు మారలేదు. మారినది దాన్ని వాడుకునే పద్ధతి. పేర్చడం, పరికరాలను సర్దుకోమనడం, కన్వర్టర్‌తో నియంత్రించడం అన్నవి ఈ పరిణామంలో మూడు దశలు.

రెండవది, కన్వర్టర్ నమూనాల తులనకు దక్షత ఒక్కటే గీటురాయి కాదు. ఘటంనుండి ప్రవాహాన్ని ఎంత నున్నగా తీసుకుంటుందన్నది ఘటం ఆయుష్షుతో ముడిపడిన ప్రమాణం. ఈ ప్రమాణం ప్రకారం, మధ్యస్థమైన పెంపు చాలినచోట పలు దశల బూస్ట్, ఎక్కువ పెంపు కావలసిన చోట ఇన్‌పుట్ వైపు ప్రేరకం ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ నమూనా యోగ్యమైనవిగా కనిపిస్తాయి.

మూడవది, కన్వర్టర్ చేరికతో ఘటమే మారింది. 1008నుండి 370కి, 370నుండి 330కి ఘటాల సంఖ్య తగ్గడంలో రసాయనశాస్త్రానికెంత పాలుందో విద్యుత్ సాధనాల శాస్త్రానికీ అంత పాలుంది. కాబట్టి ఇంధన ఘటం చరిత్రను ఘటం గోడల దగ్గరే ఆపివేస్తే అది సగం చరిత్రే అవుతుంది. నీటిని విడగొట్టడానికి 26 ఘటాలను వరుసగా కలిపిన గ్రోవ్ మనకు వదిలివెళ్లిన ప్రశ్నకు మిగతా సగం సమాధానం, ఘటానికీ దీపానికీ మధ్య ఉన్న ఆ కొద్దిపాటి చోటులో ఉంది.